మా తోడికోడలి స్ఫటికాలు

ఆషాఢ బహుళ దశమి

సముద్రపు గట్టు మీద ప్రతి గదిలోనూ దినచర్య రాసిపెట్టాలని నీళ్ల సంఘం కొత్త నియమం తెచ్చింది. స్ఫటికాల గదిలో పెద్దదాన్ని నేను కాబట్టి రాత నా నెత్తిన పడింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు. సరే, ఉన్నదున్నట్టే రాస్తాను. మా తోడికోడలు హైమ పెంచిన స్ఫటికాలు ఇవాళ ఆవగింజంత అయ్యాయి. నాకు కడుపు మండిపోతోంది.

నావి పిండి. భూతద్దం కింద పెట్టినా పిండిలాగే ఉంటాయి. ఇన్నేళ్లూ ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొకళ్లవి లేవు. మొన్న మాఘంలో మా మరిది ఈ పిల్లను పెళ్లి చేసుకొచ్చాడు. వచ్చిన నెలకే గదిలో చేరింది. ఇప్పుడు ఎవరొచ్చినా దాని సీసా ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూస్తారు. నా సీసాలు పక్కకు జరుపుతారు.

చదివే సంఘం వాళ్లకు తెలిసిందే అయినా పని సంగతీ రాయాలి. పాతకాలం వాళ్లు పెనానికి అట్టు అంటుకోకుండా ఏదో మందు పూసుకునేవారట. వాళ్ల అట్లు వాళ్లు తిని వెళ్లిపోయారు. ఆ మందు మాత్రం ఇప్పటికీ వానతో పాటు మా తాగునీటి తొట్టిలో పడుతోంది. తొట్టిలోని ఎంజైమ్ దాన్ని పట్టుకుని తుంచుతుంది. ఈ మధ్య వాన జోరుగా పడ్డ రోజుల్లో, తుంచుతూ తుంచుతూ ఆగిపోతోంది. ఎక్కడ ఆగుతోందో కళ్లారా చూస్తే తప్ప ఏమీ చేయలేం. చూడాలంటే ఎంజైమ్‌ను స్ఫటికంగా పేర్చి, సొరంగంలో ఎక్స్‌రే మెరుపు కింద పెట్టాలి. మెరుపుకు కావలసినంత కరెంటు పున్నమి పోటుకీ అమావాస్య పోటుకీ తప్ప పుట్టదు. శ్రావణ అమావాస్య దాటితే సొరంగం వంతు ఏడాది పాటు పడమటి కొండ వాళ్లది. అప్పటికి సంగతి తేలకపోతే దిగువ వీధికి నీళ్లు ఇవ్వలేమని సంఘం చెప్పేసింది. వీధికి వీధే ఇళ్లు వదిలి పోవాలి. మా ఇల్లు దిగువ వీధిలోనే ఉంది.

ఇంకొకటి కూడా రాయాలి. పాత సీసాలోని పొడి చిటికెడు కొత్త సీసాలో వేస్తేనే స్ఫటికాలు కడతాయి. పాలలో తోడు వేసినట్టే. వేసేటప్పుడు సన్నగా ఒక పేరు గొణుక్కోవడం మా గది ఆచారం. ఆ సీసాతో ఎంజైమ్ దశ ఏదైనా కొత్తగా బయటపడితే దానికి పేరు పెట్టే హక్కు సీసా గలవాళ్లది. తొట్టి దగ్గర మైకులో చదివి, గోడ మీద చెక్కుతారు. నేను ఎప్పుడు తోడు వేసినా చెప్పుకునే పేరు అప్పలనరసమ్మ. మా అమ్మ. ఆ తొట్టి కడిగి, ఆ నీళ్లే తాగి, కిడ్నీలు పాడై చనిపోయింది. బతికినన్నాళ్లూ ఊరంతా ‘ఒలే నరసీ’ అనే పిలిచారు. ఆవిడ పూర్తి పేరు మైకులో వినాలని నా కోరిక.

ఆషాఢ అమావాస్య

పొద్దుటి పోటుకు సొరంగంలోకి వెళ్లాం. అక్కడి పెద్ద తవిటినాయుడు. వరసకు నాకు మేనమామ. మెరుపు వదిలేదీ, వచ్చిన చుక్కలు చదివి బొమ్మ కట్టేదీ ఆయనే. మా గట్టు మీద ఇంతవరకూ తీసినవన్నీ నిలుచున్న బొమ్మలే. ఎంజైమ్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు తీసినవి. ఇవాళ కూడా ముందు అదే.

నా పిండి పెట్టారు. మెరుపు తగిలింది. తెర మీద నాలుగు మసక చుక్కలు వచ్చాయి. ఇంకో పలుకు పెట్టారు, అంతే మసక. తర్వాత హైమ స్ఫటికం ఒక్కటంటే ఒక్కటి పెట్టారు. తెర నిండా చుక్కలు, ముగ్గు పెట్టినట్టు.

"ఎక్కడ నేర్సినావే హైమా ఇది?" అన్నాడు తవిటి మావ. నన్ను పెంచినవాడు, నాకు ఈ పని నేర్పినవాడు, నా వైపు తిరిగి కూడా చూడలేదు.

"అప్ప దగ్గరే గదా మావా" అంది హైమ నన్ను చూపించి.

ఆ మాట నన్ను ఇంకా మండించింది. పొగడ్త వచ్చినప్పుడు తీసుకుని ఊరుకోవచ్చు కదా. అందులోంచి చెంచాడు తీసి నాకు పెట్టడం ఎందుకు?

వచ్చే పున్నమికి ఎంజైమ్ పనిచేస్తుండగా తీస్తామని మావ చెప్పాడు. స్ఫటికం మీద ఆ పెనం మందు చుక్క పడాలి, రెప్పపాటు ఆగాలి, మెరుపు తగలాలి. ఇంకొక స్ఫటికానికి ఇంకొంచెం ఎక్కువ ఆగాలి. అలా వేర్వేరు వయసుల బొమ్మలు వరసగా పేరిస్తే ఎంజైమ్ చేతులు ఆడించడం కనిపిస్తుంది. మన గట్టు మీద ఇదే మొదటిసారి అన్నాడు. పెద్ద స్ఫటికాలు కావాలన్నాడు. హైమ వైపు చూస్తూ అన్నాడు.

శ్రావణ శుద్ధ తదియ

నీళ్లు ఇంటికి మూడు బిందెలకు తగ్గించారు. నేను అంట్లు బూడిదతో తోమి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. హైమ వంట చేసింది. మా అత్తగారు రెండోసారి పులుసు వడ్డించుకుంది. నేను చేసిన పులుసుకు ఆవిడ ఏనాడూ రెండోసారి గరిటె పట్టలేదు. సంఘం వాళ్లు దీన్ని కొట్టేసుకోవచ్చు. నేనైతే రాసి తీరతాను.

శ్రావణ శుద్ధ పంచమి

హైమ తన సీసాలను ఊకబుట్టలో పాతిపెడుతుందని ఇవాళ కనిపెట్టాను. గది చల్లదనం ఊకలోకి మెల్లగా, చాలా మెల్లగా దిగుతుంది. కొద్ది స్ఫటికాలే పుట్టి, తీరిగ్గా పెరుగుతాయి. నేను తొందరమనిషిని. పొడి ధారాళంగా వేసి గిరగిరా తిప్పుతాను. లక్షల పలుకులు ఒక్కసారే పుడతాయి, ఒక్కసారే ఆగిపోతాయి. పిండి కాక ఇంకేం వస్తుంది?

అది దాచలేదు. నేను ఊక తవ్వుతుంటే వచ్చి పక్కన కూర్చుని, ఎంత ఊక, ఎంత తోడు, అన్నీ చెప్పింది. తోడు అంటే నా సీసాలో చివర మిగిలిన చుక్కనే కడిగి, అందులో సగానికి సగం పలచన చేసి వాడుతుందట. దాచి ఉంటే తిట్టుకోవడానికి నాకు కొంచెం వీలుగా ఉండేది.

నా పిండి సీసాలన్నీ చెక్కపెట్టెలో పెట్టి కడిగే బండ దగ్గరికి తోశాను. "ఇవి పారబోసి కడిగేయ్" అన్నాను దానితో. పెద్దదాన్ని కాబట్టి ఆ మాత్రం పని చెప్పవచ్చు.

"అన్నీనా అప్పా?" అంది.

"అన్నీ. ఒక్కటి కూడా నాకు కనబడకూడదు."

శ్రావణ శుద్ధ ద్వాదశి

పంచమి నాడే హైమ పద్ధతిలో ఊకలో పాతిన నా సీసా తీసి చూశాను. కందిగింజంత. కందిగింజ. హైమవి ఇంకా ఆవగింజ దగ్గరే ఉన్నాయి. దీపానికి అడ్డం పెట్టి చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం మాడింది. మాడితే మాడింది.

రాత్రి పడుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. ఈ సీసాలో తోడు వేసేటప్పుడు నేను అమ్మ పేరు చెప్పలేదు. నోటిలో ఏం అనుకున్నానో బాగా గుర్తుంది. ‘హైమవి కంటే పెద్దవి కావాలి’ అనుకున్నాను. అంతే. పుట్టి బుద్ధెరిగాక అమ్మ పేరు లేకుండా తోడు వేయడం ఇదే మొదలు. ఆ పాపం కూడా దాని ఖాతాలోనే వేశాను.

శ్రావణ పౌర్ణమి

నావి పళ్లెంలో పేర్చారు. తవిటి మావ చూసి "ఓలమ్మ" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను చేసిందంతా చేశాను. హైమవి పక్క పళ్లెంలో పెట్టారు. ఇవాళ వాటిని ఎవరూ ఎత్తి చూడలేదు.

మందు చుక్క పడింది. ఆగారు. మెరుపు తగిలింది. చుక్కలు తెర నిండా వచ్చాయి. బొమ్మ కట్టాక చూస్తే ఎంజైమ్ మందును పట్టుకునే చోట ఏదో పొగలాంటిది తప్ప ఏమీ లేదు. పట్టుకున్నట్టూ ఉంది, పట్టుకోనట్టూ ఉంది. ఇంకొంచెం ఎక్కువ ఆగి తీశారు, అదే పొగ. హైమవి పెట్టారు. పొగే, కాస్త తక్కువ. పోటు తగ్గి మెరుపు ఆగేవరకూ తీస్తూనే ఉన్నారు. ఒక్క బొమ్మలో కూడా ఎంజైమ్ ఏం చేస్తోందో తెలియలేదు.

"మందు పాడైనాదేమో" అన్నాడు మావ. తనకే నమ్మకం లేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఆయన ఇల్లు కూడా దిగువ వీధిలోనే.

ఇంటికి వస్తుంటే హైమ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే, దానివి కూడా పనికిరాలేదన్న సంతోషం నా గుండెలో ఓ మూల కూర్చుని ఉంది. వీధి మొత్తం ఖాళీ అవబోతోంది, నేనేమో ఆ మూలను తడుముకుంటూ నడిచాను.

శ్రావణ బహుళ పాడ్యమి

ఇవాళ జరిగింది వివరంగా రాస్తాను.

మా ఆయనా మరిదీ గేటు పని నుంచి వస్తూ పెద్ద వంజరం చేప తెచ్చారు. హైమ ముక్కలు కోసింది. మనసు బాగాలేదో ఏమో, అరచేతి మందాన కోసింది. ఉప్పూ కారం పట్టించి వెంటనే పెనం మీద వేసింది. మా అత్తగారు ఒక ముద్ద తిని పక్కన పెట్టేసింది.

"ఏటే ఇది హైమా. పైనంతా ఉప్పే. లోపల సప్పన."

ఈ ఇంట్లో ఆ పిల్లకు పడ్డ మొదటి అక్షింతలు ఇవి. నేను దగ్గరకు జరిగాను. "ఏటన్నావత్తా?" అన్నాను, వినబడనట్టు.

"పైన ఉప్పు, లోపల సప్పన అన్నాను. ఇంత లావు ముక్క కోస్తే ఉప్పు లోపలికెలగ ఎల్తాది? పల్సగా కోసుంటే పైనా లోపలా ఒక్కలాగ పట్టును."

"మల్లీ సెప్పత్తా" అన్నాను. మూడోసారి కూడా వినాలని ఉంది నాకు. ఆవిడ విసుక్కుంటూ మళ్లీ చెప్పింది. ఆ మూడోసారికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కందిగింజంత స్ఫటికం. మందు చుక్క మీద పడింది. పై వరసలోని ఎంజైమ్‌లకు అప్పటికప్పుడే అందింది, అవి పని మొదలుపెట్టాయి. లోపలి వాటికి ఇంకా చేరనే లేదు, అవి ఊరికే నిలబడి ఉన్నాయి. మెరుపు అన్నింటినీ కలిపి ఒకే బొమ్మ తీసింది. పని అయిపోయినవీ, సగంలో ఉన్నవీ, మొదలుపెట్టనివీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పొగ రాక ఏం వస్తుంది? మందు పాడవలేదు. నిలుచున్న బొమ్మకు ఎంత పెద్దదైతే అంత మంచిది. పనిచేస్తుండగా చూడాలంటే మాత్రం పైనా లోపలా ఒక్కసారే తడవాలి. అంత చిన్నవి కావాలి.

పిండి కావాలి.

శ్రావణ బహుళ విదియ

తెల్లవారగానే కడిగే బండ దగ్గరికి పరుగెత్తాను. చెక్కపెట్టె ఖాళీగా బోర్లించి ఉంది. సీసాలు కడిగి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. చెప్పిన పని ఇంత శుభ్రంగా చేసే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

నా తోడు ఒక్క పలుకు కూడా మిగలలేదు. కందిగింజలను నూరి తోడుగా వేద్దామా అంటే, వాటికి మెల్లగా పెరిగే గుణం పట్టింది. పున్నమికి ముందే ఒకసారి వేసి చూశాను, నాలుగే పుట్టాయి. మళ్లీ ఒక్కసారే లక్షలు పుట్టే తోడు చేయాలంటే నెల పైన పడుతుంది. అమావాస్యకు పక్షం కూడా లేదు. బండ మీద కూర్చుండిపోయాను. ఇప్పుడు ఏడుపు వచ్చింది.

హైమ వచ్చి నా ముందు నిలబడింది. తిట్లు తినడానికి వచ్చిన మొహం.

"అప్పా, నాను నీకొకటి సెప్పాల."

"సెప్పు."

"ఒక సీసా నాను కడగనేదు."

కొంగు చాటున దాచిన సీసా తీసింది. నా పిండి. ఆషాఢంలో కట్టిన సీసా. మూత కింద నేను గుర్తుగా కట్టిన గుడ్డపీలిక అలాగే ఉంది.

"ఎందుకుంచినావు?" అన్నాను.

"కడగబుద్ధెయ్యనేదు. అన్నీ ఒక్కలాగుంటాయప్పా నీవి. ఒకటి పెద్దా ఒకటి సిన్నా ఉండదు. నాకలగ రాదు. మూడుసార్లు సేసి పారబోసినాను. నీలాగ తిప్పినాను, నీలాగ పొడేసినాను. ఒకటి గోరంత, ఒకటి నలకంత వస్తన్నాయి. నువ్వెలగ సేస్తావో సూసి నేర్సుకుందారని దాసినాను. నువ్వు సూస్తే కోప్పడతావని సెప్పనేదు."

మూడుసార్లు పారబోసిందట. దానికి రానిది ఒకటుంది. అది నాకు వచ్చు. వీధి బతుకుతుందన్న సంతోషం కంటే ఈ సంతోషం నాకు ముందు కలిగింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాశాను.

కళ్లు తుడుచుకుని లేచి, దాన్ని గదిలోకి లాక్కుపోయాను. తిప్పడం ఎలాగో చూపించాను. మణికట్టు కదలకూడదు, మోచేయి కదలాలి. దానికి పది సీసాలు పాడయ్యాక వచ్చింది. పది సీసాలూ నేను పక్కనే కూర్చుని తిట్టాను.

శ్రావణ అమావాస్య

సొరంగంలో తవిటి మావ, హైమ దాచిన సీసాలోని పిండి చూసి నొసలు చిట్లించాడు. "మల్లీ ఇదేటే పైడీ. మసక తప్ప రాదు గదా దీన్తో."

"ఒకదాన్తో రాదు మావా. పళ్లెం నిండా జల్లు. ఒక్కోదానికి ఒక్కో మెరుపు కొట్టు. వచ్చినన్నీ ఒకదాని మీదొకటి కలుపు. అన్నిటికీ మందు ఒక్కసారే అందుతాది. అన్నిటిదీ ఒకటే వయసు."

చేప సంగతి చెప్పాను. ఈసారి నా వైపే తిరిగి విన్నాడు. తర్వాత పళ్లెం మార్చాడు.

పోటు మొత్తం అదే పని. చుక్క, మెరుపు. చుక్క, మెరుపు. మెరుపు తగిలిన ప్రతి పలుకూ అక్కడికక్కడే మాడిపోతుంది, మాడేలోపు ఒక బొమ్మ ఇచ్చి పోతుంది. ఒక్కొక్కటీ మసకే. కలుపుతున్నకొద్దీ తేటపడుతూ వచ్చింది. మధ్యాహ్నానికి మావ వరసగా పేర్చి తెర మీద ఆడించాడు.

ఎంజైమ్‌కు రెండు సగాలు ఉంటాయని ముందే తెలుసు. అతుక్కుని ఉండే కవల సగాలు. ఒక సగం మందును పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ రెండో సగం ఖాళీగా ఉండి, మెల్లగా సడలుతూ కదిలింది. ఆ కదలికతోనే మొదటి సగం మెలితిరిగి మందును తుంచింది. తుంచిన ముక్క వదిలాక రెండో సగం వంతు. ఇది కొద్దిగా మందు వేసినప్పుడు. తొట్టిలో ఉన్నంత మందు వేసిన పళ్లెంలో రెండు సగాలూ ఒకేసారి పట్టుకున్నాయి. ఇక సడలడానికి ఎవరూ లేరు. రెండూ బిగుసుకుని అలాగే ఉండిపోయాయి. ఇదీ ఆగిపోయే చోటు. ఇన్నాళ్లూ ఎవరికీ కనబడని దశ ఇది.

"ఎంజైమ్‌కి రోగం నేదు" అన్నాడు మావ నెమ్మదిగా. "మనవే దానికి ఒక్కసారి ఎక్కువ పెడతన్నాం. వాన నీల్లు ఒక్కపాలి తొట్టిలోకి ఒగ్గకుండా సన్నధారగా ఒగ్గితే సాలు."

హైమ తెర వంకే చూస్తోంది. తర్వాత నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థమైంది. రెండు సగాలు, ఒకరి వంతు తర్వాత ఒకరి వంతు. ఎంజైమ్ దగ్గర నీతి నేర్చుకోవలసిన ఖర్మ నాకు పట్టలేదు. తల తిప్పుకున్నాను.

భాద్రపద శుద్ధ చవితి

తొట్టి గేటుకు సన్నరంధ్రం పలక బిగించారు. మొన్నటి జోరువాన నీళ్లు మర్నాటికే తేటపడ్డాయి. దిగువ వీధి కదలనక్కర్లేదని సంఘం రాసిచ్చింది. బిందెలు మళ్లీ ఆరు చేశారు. నేను ఇవాళ అంట్లు నీళ్లతో తోమాను, రెండుసార్లు తోమాను.

సాయంత్రం తొట్టి దగ్గర కొత్త దశకు పేరు పెట్టే సభ జరిగింది. పొద్దుట తవిటి మావ ఇంటికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. సీసా నేను పారబోయమన్నది. వదిలేసిన సీసా ఎవరు ఎత్తుకుంటే వాళ్లది. ఆచారం అదే, నేనే ఎందరికో చెప్పిన ఆచారం. హక్కు హైమది. సరే అన్నాను. లోపలికి వెళ్లి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. రాళ్లు ఉన్నాయో లేదో నాకు కనబడలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్న ఒక్క కోరికను నా చేత్తో నేనే కడిగే బండ దగ్గరికి తోశాను. ఎవరిని తిట్టాలి?

సభకు వెళ్లనన్నాను. అత్తగారు రెక్క పట్టుకుని లాక్కుపోయింది. వెనక వరసలో నిలబడ్డాను. హైమ మైకు ముందుకు వెళ్లింది. కొత్త చీర కట్టుకుంది, బాగుంది కూడా. దాని తల్లి పేరో, మా అత్తగారి పేరో చెబుతుందనుకుని పళ్లు బిగబట్టాను.

"ఆ సీసాలో తోడేసినప్పుడు మా అప్ప ఒక పేరు సెప్పుకున్నాది" అంది హైమ. "పక్కనుండి నాను ఇన్నాను. ఎప్పుడేసినా అదే పేరు. ఈ దశ పేరు అప్పలనరసమ్మ."

తొట్టి గోడకు తగిలి ఆ పేరు తిరిగి వచ్చింది. అప్పలనరసమ్మ. ముందు వరసలో ముసలివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మన నరసే" అన్నారెవరో. ఇంకొకరు "అప్పలనరసమ్మ" అని పూర్తిగా అన్నారు, నోరు అలవాటు చేసుకుంటున్నట్టు.

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. హైమ జనంలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. దాని చేయి పట్టుకున్నాను. వదలలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. మా అమ్మ పూర్తి పేరు మొదటిసారి మైకులో పలికిన గొంతు నాది కాదు, దానిది. అంత మంచి పని చేయడానికి కూడా దానికే ముందు చేతనైంది. అవతల వంటింట్లో అది చేప కోస్తోంది, పలచగా. అత్తగారు రెండోసారి వడ్డించుకుంటుంది, నాకు తెలుసు. నాకు ఇంకా కుళ్లుగానే ఉంది.